ఆకాశహర్మ్యముపై నేలచూపు

లంకావిజయానంతరము పుష్పకవిమానమున అయోధ్యకు మరలివచ్చుచు శ్రీరాముడు సీతకు క్రింది భూమిని చూపిన ఘట్టము రామాయణము చదివినవారికిని, విన్నవారికిని మరపురానిది. ఆకాశమునుండి చూచునప్పుడు వర్ణింపదగిన వింతలకు కొదవ యుండదు. కాని రాముడు సీతకు చూపినవి ఆ వింతలు కావు. ఇది యుద్ధము జరిగిన చోటు, ఇది నీకొరకు కట్టిన సేతువు, ఇది సుగ్రీవుడు నాకు చెలికాడైన కొండ, ఇది నీకై నేను విలపించిన పంపాతీరము, ఇదిగో గోదావరి, ఇదిగో మన పర్ణశాల. ఇట్లు తాము నడచిన నేలను, పడిన పాట్లను ఒక్కొక్కటిగా చూపుచు పోయెను. కాళిదాసు సైతము రఘువంశము పదమూడవ సర్గలో ఈ ప్రయాణమునే విపులముగా వర్ణించెను. మనిషి యెంత యెత్తున నిలిచినను అతని చూపు వెదకునది తన నేలనే యను సంగతి, నేటి విమానములు పుట్టుటకు ఎన్నో శతాబ్దములకు ముందే మన కవులకు తెలియును.

విమానము ఎక్కకయే అట్టి చూపును సామాన్యునకు టిక్కెట్టు వెలకు అందించు స్థలములలో మిక్కిలి పేరెన్నిక గన్నది న్యూయార్కు నగరమందలి ఎంపైర్ స్టేట్ భవనము. దానికి 102 అంతస్తులు. ఎత్తు కప్పువరకు 1,250 అడుగులు, శిఖరమందలి ఆంటెన్నాతో కలిపి 1,454 అడుగులు. మన ప్రబంధకవులు పురవర్ణన చేయునప్పుడెల్ల చంద్రుని ఒరసికొను మేడలను పద్యములలో కట్టిరి. అవి అతిశయోక్తులని యెరిగియే చదువరులు ఆనందించిరి. 1931లో ఆ అతిశయోక్తి ఉక్కుతోను, ఇటుకతోను, సున్నపురాతితోను నిజమై నిలిచినది. మబ్బు పట్టిన దినమున వీధిలో నిలిచి తలయెత్తి చూచువానికి ఆ మేడ పైసగము కనబడదు.

దీనికి ధనబలమును సమకూర్చినవారిలో ముఖ్యుడు జాన్ రాస్కబ్. ఆయన జనరల్ మోటార్సు సంస్థలో ఆర్థికవ్యవహారములను నడపినవాడు. నిర్మాణసంస్థకు అధ్యక్షుడై లోకమునకు దీనిని పరిచయము చేసినవాడు ఆల్ స్మిత్. ఆయన న్యూయార్కు రాష్ట్రమునకు నాలుగుమారులు గవర్నరుగా ఎన్నికయ్యెను. నగరమున తూర్పునది యొడ్డున పేదలపేటలో పుట్టి, చిన్ననాడే తండ్రిని కోల్పోయి, బడి మాని, చేపల అంగడిలో కూలిచేసి పైకి వచ్చినవాడు. 1928లో అమెరికా అధ్యక్షపదవికి పోటీచేసి హెర్బర్టు హూవర్ చేతిలో ఓడిపోయెను. మరుసటి సంవత్సరము ఆగస్టులో ఈ మేడను కట్టుదుమని ప్రకటించెను. అక్టోబరులో న్యూయార్కు స్టాకు మార్కెటు కూలినది. దేశమంతట ఆర్థికమాంద్యము క్రమ్ముకొన్నది. అయినను పని ఆగలేదు.

1930 మార్చి 17న కట్టడము మొదలయ్యెను. 410 దినములలో ముగిసెను. పని ముమ్మరముగా సాగిన దినములలో మూడువేల నాలుగువందల మంది పనివారు అక్కడ శ్రమించిరి. ఉక్కుదూలములను ఒకదానితో నొకటి బిగించుటకు నలుగురేసి జట్టుగా నుండెడివారు. ఒకడు చిన్న కొలిమిలో రివెట్టును ఎర్రగా కాల్చి పట్టుకారుతో విసరును. రెండవవాడు దానిని గాలిలోనే డబ్బాతో పట్టి రంధ్రమున నిలుపును. మూడవవాడు ఒకవైపు అదిమిపట్టును. నాలుగవవాడు రెండవవైపున గాలిసుత్తితో కొట్టి బిగించును. కాలిక్రింద జానెడు వెడల్పు దూలము, దాని క్రింద ఆకాశము. ఈ పనిలో కెనడానుండి వచ్చిన మోహాక్ తెగవారు కొందరుండిరి. అధికారికమైన లెక్కప్రకారము ఐదుగురు పనివారు ప్రాణములు కోల్పోయిరి.

ఈ పనివారిని లోకమునకు చూపినవాడు లూయీ హైన్ అను ఛాయాగ్రాహకుడు. అంతకుపూర్వము గనులలోను, మిల్లులలోను పాటుపడు పసిపిల్లల ఛాయాచిత్రములు తీసి, బాలకార్మికుల దుస్థితిని అమెరికా ప్రజల కన్నులయెదుట నిలిపిన మహానుభావుడు. ఏబదియైదేండ్లు నిండిన వయస్సున ఆయన క్రేనుకు కట్టిన బుట్టలో వ్రేలాడుచు, శూన్యమున నిలిచి పనిచేయు కూలివానిని బొమ్మలో బంధించెను. మేడను చూచినవారు కోట్లకొలది. దానిని కట్టిన చేతులను చూడగోరువారికి మాత్రము నేటికిని హైన్ ఛాయాచిత్రములే దిక్కు.

1931 మే 1న ప్రారంభోత్సవము జరిగినది. స్మిత్ మనుమలు రిబ్బను కత్తిరించిరి. వాషింగ్టనులో కూర్చున్న అధ్యక్షుడు ఒక మీట నొక్కగా భవనమున దీపములు వెలిగినట్లు ఏర్పాటు చేసిరి. ఆ మీట నొక్కిన అధ్యక్షుడు స్మిత్‌ను ఓడించిన హూవరే యగుట కాలము చేసిన చమత్కారము. దీపములు వెలిగినవి గాని గదులలోనికి అద్దెకు వచ్చువారు లేరైరి. ఎంపైర్ అను మాటను విరిచి, ఖాళీ అను అర్థము వచ్చు ఎంప్టీ అను మాటను చేర్చి నగరవాసులు పరిహాసమాడిరి. శిఖరమునకు గాలినావలను కట్టివేసి ప్రయాణికులను అక్కడనే దింపవలెనను ఆలోచనయు అంతెత్తున వీచు గాలి ఉద్ధృతివలన ఫలింపలేదు.

అప్పుడు ఆ మేడను ఆదుకొన్నది పైనున్న చూపరుల వేదిక. తొలియేట అద్దెల వలన ఎంత రాబడి వచ్చినదో, పైకెక్కి చూచిపోవువారి టిక్కెట్ల వలన ఇంచుమించు అంతయు వచ్చినదని చెప్పుదురు. ధనికులు నింపలేని మేడను సామాన్యులు తమ చిల్లరతో నిలిపిరి. కొలువు పోయినవారు, పోవునేమోయని భయపడువారు దేశమంతట నిండియున్న ఆ దినములలో జనులు సొమ్మిచ్చి శిఖరమెక్కి చూడగోరినది ఏమి? అది తెలియవలెనన్నచో ఆ వేదికమీద ఒక్కసారి నిలువవలెను.

లిఫ్టు ఒక్క నిమిషములో ఎనుబదవ అంతస్తును చేర్చును. చెవులు గడియపడినట్లగును. అక్కడనుండి మరి ఆరంతస్తులు ఎక్కినచో, 1,050 అడుగుల యెత్తున, మేడను నాలుగువైపుల చుట్టిన వసారా వంటి వేదిక. 1947లో అమర్చిన ఎత్తైన ఇనుపకంచె చూపరులకు రక్ష. తలుపు దాటగానే ముందుగా పలుకరించునది గాలి. క్రింద వీధిలో ఆకు కదలని దినమున సైతము ఇక్కడ టోపీలు నిలువవు. గోడకు తాకిన గాలి పైకి మరలుటచే మంచు కురియునప్పుడు తుంపరలు నేలనుండి నింగికి ఎగయుచున్నట్లు తోచును.

ఉత్తరమున సెంట్రల్ పార్కు. 843 ఎకరముల పచ్చదనమును రాతినగరము నడుమ చాపవలె పరచిరి. దానికి కుడివైపున, ఒకనాడు ఎత్తులో దీనితో పంతము పట్టిన క్రిస్లర్ భవనము తన ఉక్కుకిరీటముతో మెరయుచుండును. తూర్పున తూర్పునది, దాని వంతెనలు. పడమట విశాలమైన హడ్సన్ నది, దాని కావల న్యూజెర్సీ. దక్షిణమున ఇస్త్రీపెట్టె ఆకారమున కట్టుటచే ఆ పేరే స్థిరపడిన ఫ్లాటైరన్ భవనము, దానికిని దూరముగా దీవి కొసన గుంపుకట్టిన మేడలు, సముద్రముఖమున చదరంగపు పావు పరిమాణమున స్వేచ్ఛాదేవి విగ్రహము. ఆకాశము నిర్మలముగా నున్న దినమున చూపు ఎనుబది మైళ్లవరకు పోవునందురు.

కొంతసేపటికి కన్ను దూరమునుండి క్రిందికి దిగును. వీధులు గీతలు. వానిపై పసుపుపచ్చని టాక్సీలు దొర్లిన పసుపుకొమ్ములవలె నుండును. మనుష్యులు ఆవగింజలు. వారిలో ఎవరు నవ్వుచున్నారో, ఎవరు ఏడ్చుచున్నారో తెలియదు. కారుల మోతలు, పోలీసుబండ్ల కేకలు అన్నియు కలిసి ఒక్క హోరుగా మాత్రమే పైకి వచ్చును. ఎత్తు మనిషికి విస్తారమును ఇచ్చి మనిషిని హరించుచున్నది.

ఇది కేవలము వేదాంతము కాదు. ఉత్తరమున పచ్చని చాపవలె కనిపించు ఆ సెంట్రల్ పార్కులోనే, మేడ వెలసిన తొలియేండ్లలో, ఎండగట్టిన జలాశయపు నేలమీద ఇల్లు వాకిలి పోగొట్టుకొన్న నిరుద్యోగులు గుడిసెలు వేసికొని కాపురముండిరి. అట్టి గుడిసెలపేటలకు ప్రజలు కసికొలది అధ్యక్షుని పేరే పెట్టి హూవర్‌విల్ అని పిలిచిరి. మేడలో దీపములు వెలిగించిన చేయియు, గుడిసెలకు పేరైన చేయియు ఒక్కటే. మేడమీది చూపరులకు పార్కు పచ్చదనము కనబడినది. అంత దూరమునుండి గుడిసె కంటికి ఆనునది కాదు.

అట్లని ఎత్తైన చోటు చూపును చెరచునని చెప్పుటయు న్యాయము కాదు. దక్షిణదిశగా తూర్పునది ఒడ్డున బ్రూక్లిన్ వంతెన కనబడును. దాని దాపుననే ఆల్ స్మిత్ పుట్టినాడు. ఆయన బాలుడుగా నున్నప్పుడు ఆ వంతెన కట్టుచుండిరి. ఆయన చేపలు మోసిన అంగడియు ఆ చేరువనే యుండెడిది. ఒడ్డునుండి మేడవరకు మూడు మైళ్లు. నడచిన జీవితము మాత్రము మూడు మైళ్లలో కొలువదగినది కాదు. ఆ కథ తెలిసినవానికి దిగువ కనబడు ఇరుకువీధి వట్టి గీత కాదు.

తెలిసి చూచుట యనగా ఏమో ఈ వేదికమీదనే నిరూపించిన విదుషీమణి హెలెన్ కెల్లర్. పందొమ్మిదినెలల పసితనమున జబ్బుచేసి ఆమె చూపును, వినికిడిని ఒక్కమారే కోల్పోయెను. అరచేతిలో వ్రేళ్లగుర్తులతో అక్షరములు పలికించినచో గ్రహించుట ఆమె వినెడి పద్ధతి. అట్టి ఆమె ఈ శిఖరమెక్కి దిగిన పిమ్మట, విద్యావేత్తయు పత్రికాసంపాదకుడును అగు జాన్ ఫిన్లే, మీరు అక్కడ ఏమి చూచితిరని అడిగెను. వినువారికి కఠినముగా తోచు ప్రశ్న. ఆమె నొచ్చుకొనలేదు. 1932 జనవరి 13న సుదీర్ఘమైన జాబు వ్రాసెను. ఆ భవనము ధనమదమునకు గుర్తని పలువురు చెప్పగా విని వెళ్లినట్లును, అక్కడ నిలిచిన తరువాత అందు కవిత్వము గోచరించినట్లును తెలిపెను. తోడివారికి కనబడిన వస్తువులెన్నో తనకు దక్కలేదని ఒప్పుకొనుచునే, అందుకు అసూయ లేదనియు, ఊహ చేరగల దిగంతము కంటికి అందునది కాదనియు ఆమె భావము.

కురుక్షేత్రమున ధృతరాష్ట్రునకు వ్యాసుడు చూపు నిత్తునన్నను అతడు వలదనెను. స్వజనవధను చూడలేనని భయము. చూపుండియు చూడనొల్లని మనస్సులు లోకమున పెక్కు. చూపు లేకయు చూడగోరిన మనస్సు హెలెన్ కెల్లర్‌ది. దూరదర్శినులు ఆ వేదికపై వరుసగా నున్నవి. ఆమె వాడిన దూరదర్శిని వానిలో లేదు.

మేడకు దుర్దినములును తప్పలేదు. 1945 జూలై 28న దట్టమైన పొగమంచులో దారితప్పిన సైనికవిమానము ఎనుబదవ అంతస్తు దాపున ఢీకొనగా పదునలుగురు మరణించిరి. లోకమున అత్యున్నతభవనమను కీర్తి ఇంచుమించు నలువదేండ్లు దీనికే చెల్లినది. 1970లో వరల్డ్ ట్రేడ్ సెంటరు దానిని మించెను. 2001 సెప్టెంబరు 11న ఆ జంటమేడలు వేలమందితో కూలినప్పుడు నగరములో పెద్దరికము మరల దీనికి వచ్చెను. ఎవరును కోరని పెద్దరికమది. ఆ పిమ్మట వేదిక దక్షిణపుకొసకు వచ్చిన చూపరులకు కనబడినది మేడలు కాదు, మేడలులేని చోటు. 2012లో అక్కడనే లేచిన క్రొత్త భవనము దీనిని దాటిపోయినది.

నేడు ఈ వేదికమీద తెలుగుమాట వినబడుట అరుదు కాదు. హడ్సన్ ఆవల న్యూజెర్సీలో వేలకొలది తెలుగు కుటుంబములు స్థిరపడినవి. పిల్లలను చూడవచ్చిన తల్లిదండ్రులను సెలవుదినమున ఇక్కడకు తీసికొని వచ్చుట ఆనవాయితీ. చీరకొంగుపై కోటు తొడిగి, తలకు ఉన్నిటోపీ పెట్టిన తల్లికి కొడుకు ఒక్కొక్క భవనము పేరు, ఎత్తు, కట్టిన సంవత్సరము చెప్పుచుండును. ఆమె తలయూపుచు వినును. అన్నియు విన్న తరువాత ఆమె అడుగు ప్రశ్న తరచుగా ఒక్కటే.

“మన ఇల్లు ఎటువైపురా?”

“ఆ నదికి అవతల. చాలా దూరం. ఇక్కడికి కనబడదులే అమ్మా.”

“మరి మన ఊరు?”

కొడుకు ఒక్కక్షణము తడబడి, సముద్రము తళుకుమను దిక్కునకు చేయి చాచును. కనబడదని ఇద్దరికిని తెలియును. అయినను ఇద్దరును ఆ దిక్కునకే చూతురు. అంతవరకు కొలతలు చెప్పిన కొడుకు మరి మాటాడడు. ఆమెయే తమ వీధి, చెరువుగట్టు, పక్కింటివారి క్షేమము మొదలైన వానిని ఎదుట కనబడుచున్నట్లు చెప్పసాగును.

పుష్పకముమీదినుండి రాముడు సీతకు చూపినదియు ఇట్టిదే. ఎత్తు మనిషికి నేర్పు పాఠము తాను గొప్పవాడనని కాదు. ఎంత ఎత్తునుండి చూచినను తనవారిని గుర్తుపట్టుటకు కన్ను చాలదని, స్మృతియు, ప్రేమయు తోడు రావలెనని. ఆ తోడు లేనివానికి నగరమంతయు గీతలు, ఆవగింజలు. ఉన్నవానికి కనుచూపు మేరకు ఆవల నున్న ఇంటిముంగిటి ముగ్గు సైతము కనబడును. లిఫ్టు మరల ఒక్క నిమిషములో క్రిందికి చేర్చును. వీధిలో అడుగుపెట్టగానే ఆవగింజలు మనుష్యులై ఎదురగుదురు. ఒకరి భుజము ఒకరికి తగులును. పైనుండి దిగివచ్చినవాడు ఆ ముఖములను ఎక్కకముందుకంటె కొంచెము శ్రద్ధగా చూచినచో, అతడిచ్చిన టిక్కెట్టు సొమ్ము దండుగ కాలేదనుకొనవచ్చును.