బెయిల్ వచ్చినా మనిషి ఇంటికి రాలేదా? ఇలా చేయండి

(శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని విచారణ ఖైదీల కుటుంబాల కోసం)

“బెయిలొచ్చిందన్నారు, మరి మనిసి రాలేదేటి?” కోర్టుల దగ్గర తరచూ వినిపించే ప్రశ్న ఇది. బెయిల్ ఆర్డర్ వస్తే సగం పనే అయినట్టు. ఆర్డర్‌లో అడిగిన జామీన్లు పెట్టి, విడుదల కాగితం జైలుకు చేరితేనే మనిషి బయటికి వస్తారు. జామీను ఇచ్చేవాళ్లు దొరక్క, కట్టడానికి డబ్బు లేక, నేరం రుజువు కాకుండానే నెలల తరబడి లోపల ఉండిపోయేవాళ్లు ఉన్నారు. వారి కోసమే ఈ వివరాలు.

లాయర్‌కి డబ్బు లేకపోతే?

జైల్లో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా లాయర్‌ని పెడతారు. ఇది 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఇచ్చిన హక్కు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లా కోర్టుల్లో ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గానీ, సోంపేట, టెక్కలి, బొబ్బిలి, పార్వతీపురం కోర్టుల్లోని మండల కమిటీని గానీ అడగండి. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. లోపల ఉన్న మనిషి జైలు సూపరింటెండెంట్‌కి చెప్పినా సరిపోతుంది.

బెయిల్ వచ్చి వారం దాటితే?

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు మీకు పనికొస్తాయి.

• బెయిల్ ఆర్డర్ కాపీని అదే రోజు లేదా మర్నాడు జైలు ద్వారా ఖైదీకి అందేలా కోర్టు ఈమెయిల్ చేయాలి.
• 7 రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి.
• నెల రోజుల్లో జామీన్లు పెట్టలేకపోతే, షరతులు తగ్గించవచ్చేమో కోర్టే స్వయంగా చూడవచ్చు. అంతవరకూ ఆగనక్కర్లేదు, తగ్గించమని లాయర్ చేత ముందే పిటిషన్ వేయించండి.

జామీను డబ్బు ప్రభుత్వం కడుతుందా?

కడుతుంది. పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో పథకం తెచ్చింది. 2023 నాటి మార్గదర్శకాల్లో విచారణ ఖైదీకి రూ.40,000 వరకు సాయం చేయవచ్చని ఉండేది. కార్యదర్శి విచారణ జరిపి నివేదిక ఇస్తే, కలెక్టర్, ఎస్పీ తదితరులున్న జిల్లా కమిటీ మంజూరు చేస్తుంది. డబ్బు మీ చేతికి రాదు, కోర్టులో జమ అవుతుంది. గంజాయి వంటి మాదకద్రవ్యాల కేసులకు, అవినీతి, మనీలాండరింగ్, ఉపా కేసులకు ఈ పథకం వర్తించదు. ఆ కేసుల్లో ఉన్నవారికి కూడా ఉచిత లాయర్ హక్కు మాత్రం ఉంటుంది.

వేరే ఊళ్లో అరెస్టయితే?

విశాఖ, హైదరాబాద్, చెన్నైలకు పనికి వెళ్లిన మనవాళ్లకు అక్కడ జామీను ఎవరిస్తారు? 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో ఇదే ప్రశ్న వచ్చింది. ఆస్తి వేరే జిల్లాలో ఉందని అతని సోదరుడి జామీనును కింది కోర్టు ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టి, రూ.1,000 సొంత పూచీకత్తు మీద వదలమంది. స్థానిక జామీనే కావాలని పట్టుబట్టవద్దని 2023 ఆదేశాల్లోనూ ఉంది. ఈ మాట మీ లాయర్‌కి గుర్తు చేయండి.

విచారణ సాగుతూనే ఉంటే?

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం సెక్షన్ 479 ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే బెయిల్‌కు అర్హులు. మిగతావారికి సగం కాలం. ఉదాహరణకు మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు కాబట్టి, మొదటిసారి అయితే ఏడాది. కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సింది సూపరింటెండెంటే. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులు నడుస్తున్నవారికి ఇది వర్తించదు.

ఈ వివరాలు రాసి పెట్టుకోండి

ఖైదీ పేరు, పోలీస్ స్టేషన్, ఎఫ్‌ఐఆర్ నంబరు, కోర్టు పేరు, బెయిల్ వచ్చిన తేదీ, అడిగిన జామీను మొత్తం.

డబ్బిస్తే జామీనుదారులను తెస్తామనే దళారులను నమ్మకండి. దొంగ కాగితాలు పెడితే కొత్త కేసు మెడకు చుట్టుకుంటుంది.

చివరిగా ఒక మాట. బెయిల్ వచ్చిందంటే కేసు కొట్టేసినట్టు కాదు. ప్రతి వాయిదాకీ వెళ్లాలి. వెళ్లకపోతే వారెంటు వస్తుంది, మీ మీద నమ్మకంతో జామీను ఉన్నవాళ్లు డబ్బు కట్టాల్సి వస్తుంది.