గొల్ల రామవ్వ పేరు

మనిషిని మనము ఎట్లు గుర్తింతుము? వేషమును చూతుము, భాషను విందుము, కులమతములను అడుగుదుము. అంతటితోనే అతనిని పూర్తిగా ఎరిగినట్లు భావింతుము. ఇట్లు మనిషిని తెలిసికొనకముందే అతడు ఇట్టివాడని నిర్ణయించుట దురభిప్రాయము. శాంతికాలమున అది మనసులను నొప్పించును. ఆయుధములు పట్టిన మూకలు ఊళ్లపై పడు దినములలో అదియే ప్రాణములను తీయును. ఈ సంగతిని ఆలోచింపజేయు చక్కని కథ యొకటి కలదు. దాని పేరు ‘గొల్ల రామవ్వ’.

ఈ కథను వ్రాసినవారు పాములపర్తి వేంకట నరసింహారావు. 1991 నుండి 1996 వరకు భారత ప్రధానమంత్రిగా నుండిన పి.వి. నరసింహారావు ఆయనయే. ఆయన పెరిగిన యూరు వంగర. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలవలెనే ఆ యూరును అప్పుడు కరీంనగరు జిల్లాలోనిదే. కథ 1949లో ‘విజయ’ అను కలము పేరుతో ‘కాకతీయ పత్రిక’లో వెలువడెను.

కథాకాలము నిజాము పాలన తుదిదినములు. హైదరాబాదు రాజ్యమున తెలుగు, మరాఠీ, కన్నడము మాట్లాడువారే అధికులు. అయినను పాలనకు, చదువులకు ఉర్దూయే ప్రధానమైన భాష. సిరిసిల్ల ప్రాంతమందలి హనుమాజీపేటలో 1931లో జన్మించిన కవి సి. నారాయణరెడ్డి సైతము బడిలో ఉర్దూ మాధ్యముననే చదివెను. తమ భాష చిన్నచూపునకు గురియైన ఆ కాలమున తెలుగువారు ఆంధ్రమహాసభను స్థాపించుకొనిరి. దాని నాలుగవ సమావేశము 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలోనే జరిగెను.

1947లో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చెను. కాని నిజాము తన రాజ్యమును భారతదేశమున చేర్చుటకు అంగీకరింపలేదు. కాసిం రజ్వీ నాయకత్వమున రజాకారులను సాయుధదళములు పల్లెలపై బడి దోచుకొనెను, ఇండ్లను కాల్చెను, జనులను చంపెను. 1948 సెప్టెంబరు 17న నిజాము లొంగిపోవువరకు ప్రజలకు కంటిమీద కునుకు లేకుండెను.

అట్టి రాత్రులలో నొకనాడు గాయపడిన యువకుడొకడు రామవ్వ గుడిసెలో ప్రవేశించెను. లోపల నున్నవారు ముసలి రామవ్వ, పడుచుదైన ఆమె మనుమరాలు మాత్రమే. రామవ్వ మొదట అనుమానపడెను. చీకటిలో ఇల్లు చొచ్చినవాడు పీడించువాడే యని ఆ కాలమున ఎవరికైనను తోచును. కాని ఆమె అనుమానముకడనే ఆగిపోలేదు. నీవెవడవని అడిగెను, అతడు చెప్పినది వినెను. అతడు నిజాము పోలీసులతో పోరాడి వచ్చినవాడని తెలిసినపిమ్మట అతనిని కన్నబిడ్డవలె ఆదరించెను.

పోలీసులు వెదకుచు వచ్చుచున్నారు. దొరికినచో యువకునికే కాదు, ఆ యింటివారికిని చేటు తప్పదు. రామవ్వ వెనుదీయలేదు. యువకుని బట్టలు మార్పించెను. గొంగడి కప్పి గొల్లవానిగా చేసెను. తన మనుమరాలి భర్తయని పోలీసులను నమ్మించెను. వారు వెళ్లిపోయిరి. యువకుని ప్రాణము దక్కెను.

పోలీసులు ఎందువలన మోసపోయిరి? రామవ్వ ధైర్యము, మాటనేర్పు మొదటి కారణము. మరియొక కారణమును కలదు. పోలీసులకు గొంగడి కనబడెను గాని దానిలోని మనిషి కనబడలేదు. గొల్లవాడనగా ఇట్లుండునని వారు ముందే అనుకొనియుండిరి. కావున ఆ ముఖమును శ్రద్ధగా చూడవలసిన అవసరము వారికి తోచలేదు. దురభిప్రాయము ఎదుటివానిని అవమానించుటయే కాదు, దానిని మోయువాని కండ్లకును గంతలు కట్టును.

కథ చివర యువకుడు కృతజ్ఞతతో రామవ్వను సాక్షాత్తు భారతమాతవని కొనియాడెను. ఆమె ఆ పొగడ్తను త్రోసిపుచ్చి, తన పేరు గొల్ల రామవ్వ యని మాత్రము చెప్పెను. ఇది కథకు ప్రాణమువంటి మాట. ఇతరులు చిన్నచూపు చూచు పేరునే ఆమె తలయెత్తి చెప్పుకొనెను. తనను తక్కువచేయు మాటనే కాదు, తనను మరుగుపరచు గొప్ప బిరుదమునుగూడ ఆమె కోరలేదు. తాను తానుగా నుండుటయే ఆమెకు చాలిన గౌరవము.

ఈ కథ చదివినవారు మరియొక పొరపాటులో పడరాదు. రజాకారుల దుండగములను తలంచి, ఉర్దూ మాట్లాడినవారందరును, మహమ్మదీయులందరును అట్టివారే యనుకొనుటయు దురభిప్రాయమే. ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ పత్రికకు సంపాదకుడైన షోయబుల్లాఖాన్ రజాకారులను నిర్భయముగా విమర్శించెను. హైదరాబాదు భారతదేశమున చేరవలెనని వ్రాసెను. 1948 ఆగస్టులో ఆయనను హైదరాబాదు నగరమున దారికాచి చంపిరి. ఆయన మతమును మాత్రమే చూచువానికి ఆయన త్యాగము ఎన్నడును తెలియదు.

జగిత్యాల అంగడిలో గాని, కోరుట్ల బడిలో గాని, సిరిసిల్ల మగ్గముల వీధిలో గాని క్రొత్తవాడొకడు ఎదురైనప్పుడు అతని బట్టలు, యాస, కులము మనకు ముందుగా తోచవచ్చును. అచటనే ఆగరాదు. రామవ్వవలె నీవెవరవని అడుగవలెను. చెప్పినది ఓపికతో వినవలెను. పిమ్మటనే అభిప్రాయము నేర్పరచుకొనవలెను. చదువురాని ముసలమ్మ ప్రాణభయముగల రాత్రి చేయగలిగిన ఈ పని, చదువుకొన్నవారు పట్టపగలు చేయలేకపోవుట తగదు.