పాట నిచ్చి జ్ఞాపకమును పుచ్చుకొనుట

కాళిదాసుని శాకుంతలమందు పంచమాంకము చదివిన సోదరీమణులకు హంసపదిక జ్ఞప్తిలో నుండును. ఆమె రంగముమీదికి రాదు. తెరవెనుకనుండి ఆమె పాట మాత్రము వినవచ్చును. ఆ పాట విని దుష్యంతుని మనస్సు కారణము లేకయే కలతనొందును. ఇష్టజనముల నెవరిని ఎడబాసియుండలేదే, ఈ వేదన యెక్కడిదని యతడు తన్ను దానే ప్రశ్నించుకొనును. జన్మాంతరపు స్నేహ మేదియో లోపల మెదలుచున్నదని సమాధానపడును. శకుంతలను మరపించినది దుర్వాసుని శాపము. ఆ శాపము రాజు బుద్ధిని గప్పగలిగెను గాని పాట తాకిన చోటును గప్పలేకపోయెను. చిన్ననాడు మా నాయనగారు ఈ ఘట్టమును బాఠము చెప్పినపుడు శ్లోకమునకు అన్వయము కుదిరినచో చాలునని తలచితిని. దాని లోతు నాకు దెలిసినది మా తమ్ముడు బ్రిస్టలు నగరమునుండి వ్రాసిన యొక యుత్తరమువలన.

మా తమ్ముడు ఇంగ్లండులోని ఆ నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. అతడు అద్దెకున్న యింటి యజమానురాలు ఏబదియేండ్లు దాటిన యామె. ఆమె యింట నెలకొక సాయంకాలము ఏడెనిమిదిమంది స్నేహితులు గూడుదురు. ఒక్కొక్కరు ఒక్కొక్క పాటను దెత్తురు. దానిని వినిపించి, అది తమకు ఎవరిని, ఏ దినమును జ్ఞప్తికి దెచ్చునో చెప్పుదురు. తక్కినవారు విందురు. పాట బాగున్నదనిగాని, బాగులేదనిగాని యెవరును తీర్పు చెప్పరాదు. అదియే వారి నియమము. వారు తెచ్చు పాటలలో బెక్కులు "ఇండీ పాప్" అను తెగకు జేరినవి.

ఆ పేరు మనలో అనేకులకు క్రొత్త. ఇండీ యనగా స్వతంత్రమైనది. పెద్ద కంపెనీల ప్రాపు లేక, కొద్దిమంది యువజనులు తమ చేతి సొమ్ముతో రికార్డులు వేసికొని, తామే కట్టలు గట్టి, తామే టపాలో బంపుకొన్న సంగీతమది. గిటారు మ్రోత, మెత్తని కంఠము, వాన, బస్సు, వ్రాయని యుత్తరము, చెప్పని మాట - ఇట్టివి వారి పాటలకు వస్తువులు. 1986లో "న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్" అను వారపత్రిక ఇట్టి బృందముల పాటలను 22 ఏర్చి, ఒక క్యాసెట్టున జేర్చి, "సీ 86" అను పేరుతో పాఠకులకు అందజేసెను. ఈ సంగీతమును బసితనపు సంగీతమని, బలములేని సంగీతమని ఎగతాళి చేసినవారును గలరు. ప్రేమించినవారు మాత్రము ప్రాణముగా బ్రేమించిరి.

బ్రిస్టలులో క్లేర్ వాడ్, మాట్ హేన్స్ అను నిరువురు 1987 నవంబరులో "సారా రికార్డ్స్" అను చిన్న సంస్థను స్థాపించిరి. అంతకు బూర్వము ఇరువురును వేరువేరుగా, తమకు నచ్చిన సంగీతమునుగూర్చి చిన్న పత్రికలను స్వయముగా వ్రాసి, ప్రతులు తీసి, అమ్ముకొనుచుండినవారే. వారి సంస్థ ప్రకటనలలో విశేషముగా ఏడంగుళముల చిన్న రికార్డులే యుండెడివి. రికార్డు నడుమ నంటించు గుండ్రని కాగితముమీద బ్రిస్టలు నగరపు దృశ్యములను ముద్రించెడివారు. ఒకే పాటను చిన్న రికార్డుగా నొకమారు, పెద్ద రికార్డులో మరియొకమారు కొనిపించుట అభిమానులను దోచుకొనుటయే యని వారి మతము. ప్రతి ప్రకటనకును వరుస సంఖ్య యుండెడిది. అందు గొన్ని సంఖ్యలు పాటలకు గాక పత్రికలకు జెందినవి. 50వ సంఖ్య మన వైకుంఠపాళివలె పటముపై నాడుకొను నొక యాట! 1995 ఆగస్టులో 100వ సంఖ్యతో, వ్యాపారము చెడియుండకయే, తమంతట దామే సంస్థను ముగించిరి. నిండిన కాపురమును గౌరవముగా సర్దుకొని వెడలిన యట్లున్నది గదా!

ఈ సంస్థ పాటలు పాడినవారిలో ఎమీలియా ఫ్లెచర్ అను నామెను మన సోదరీమణు లెరుగవలెను. ఆమె ఆక్స్‌ఫర్డులో చదువుకొనుచు 1986లో "తలూలా గాష్" అను బృందమున బాడెను. పిదప "హెవెన్లీ" అను బృందమున బాడెను. ఒకవంక పాటలు వ్రాయుచునే యర్థశాస్త్రమున బరిశోధన చేసి పట్టము పొందెను. తరువాత బ్రిటిషు ప్రభుత్వమున, వర్తకము న్యాయముగా సాగునట్లు చూచు కార్యాలయమునకు ముఖ్యార్థశాస్త్రవేత్తయై, అనంతరము విశ్వవిద్యాలయమున ఆచార్యురాలయ్యెను. పాట పాడిన యాడుది పదిమందిలో దేనికిని బనికిరాదని తలంచువారికి ఇంతకంటె సమాధాన మేల?

ఆ హెవెన్లీ బృందమున తాళవాద్యము వాయించినవాడు ఆమె తమ్ముడు మాథ్యూ. 1996లో అతడు మరణించెను. తక్కినవారు ఆ పేరుతో మరల బాడుట మానుకొనిరి. వేరొక పేరుతో వేరు పాటలు పాడిరి గాని ఆ పాటల జోలికి బోలేదు. ఇరువది యేడేండ్లు గడచినపిమ్మట, 2023లో, హెవెన్లీ యను పేరుతో లండనులో మరల గచేరి చేసిరి. తమ్ముడు లేని పాటను అక్క తిరిగి యెత్తుకొనుటకు ఎంత ధైర్యము కావలెనో అక్కలైనవారికి జెప్పనక్కరలేదు.

ఇంటి యజమానురాలి కథయు మా తమ్ముడు వ్రాసెను. 1990లో ఆమె తల్లి యాసుపత్రిలో నుండగా, ఆమె ప్రతిదినము బస్సులో బోయి వచ్చుచుండెడిది. స్నేహితురా లొకతె తన రికార్డులనుండి పాటలు ఏర్చి, క్యాసెట్టున నింపి, టపాలో బంపినది. 90 నిమిషముల క్యాసెట్టు నింపుటకు ఆ కాలమున 90 నిమిషములును కూర్చుండవలసినదే. ఒక పాట ముగియగనే ఆపి, వేరొక రికార్డు నెత్తి, మరల మొదలుపెట్టవలెను. అందువలన క్యాసెట్టు బహూకరించుట యనగా ఒక సాయంకాలమును బహూకరించుటయే. నేటికిని అందలి పాట యొకటి మొదలైనచో ఆమెకు ముందుగా స్ఫురించునవి పాడినవారి ముఖములు గావట; తడిసిన బస్సు కిటికీ, ఒడిలోని నారింజపండ్ల సంచి. తల్లి ఆ పండ్లు తినలేకపోయినది. ఆ సంగతి ఆమె ముప్పదియేండ్లు ఎవరితోను జెప్పక, ఆ పాట వినిపించిన సాయంకాలముననే చెప్పినదట.

పాట కింతటి శక్తి యెట్లు గలిగినదో పరిశోధించినవారు గలరు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖయందు పెటర్ జనాటా యను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును, యువతీయువకులకు వారి బాల్యయౌవనముల నాటి పాటల తునుకలను వినిపించి చూచిరి. నూటికి సుమారు 30 పాటలు వారి స్వంత జీవితపు జ్ఞాపకములను లేపెనని 2007లో ప్రకటించిరి. అట్టి జ్ఞాపకము లేచునపుడు నొసటి వెనుక, మెదడు ముందుభాగపు నడుమ నున్న స్థానము పనిచేయుచున్నదని 2009లో జనాటా తెలిపెను. మతిమరుపు వ్యాధియందు ఆ స్థానము మెదడులోని ఇతర భాగములు కొన్నింటికంటె ఆలస్యముగా క్షీణించును. కన్నకొడుకును బోల్చలేని ముదుసలి యొకప్పటి మంగళహారతిని దప్పులేక పాడుట మనము చూచుచునే యున్నాము.

కార్నెల్ విశ్వవిద్యాలయమున కేరొల్ క్రుమ్‌హాన్స్ల్ అను విదుషీమణి 2013లో ప్రకటించిన విషయము మరింత యాశ్చర్యకరము. ఇరువదియేండ్ల విద్యార్థులకు పాతపాటలు వినిపింపగా, వారికి తమ కాలపు పాటలతోపాటు, తాము పుట్టకమునుపు తమ తలిదండ్రులు యౌవనమున నుండిన నాటి పాటలును విశేషముగా బరిచితములై, ప్రియములై యుండెనట. తల్లి విన్నది బిడ్డకు జెందుచున్నది. దుష్యంతుడు జన్మాంతరమని తలచినది కొంత తల్లి జన్మమే కావచ్చును!

ఇక నా సంగతి చెప్పెదను. 2021 వేసవిలో, మహమ్మారి ప్రబలియున్న దినములలో, మా యమ్మ గతించినది. రాకపోకలకు నిర్బంధము లుండుటచే తమ్ముడు రాలేకపోయెను. రాలేడని నేనెరుగుదును. ఎరిగియు నా మనస్సు వానిని క్షమింపలేదు. కడపటి చూపునకు బుత్రుడు లేకపోయెనని బంధువులు నాతో అనినప్పుడెల్ల, వాని తప్పు లేదని పైకి జెప్పుచు, లోపల నేనును ఆ మాటయే యనుకొనెడిదానను. ఫోనులో బిల్లల క్షేమము, వంటసంగతులు మాటలాడుకొంటిమి గాని, యేడాది దాటినను అమ్మమాట మా యిరువురిలో నెవరును ఎత్తలేదు.

ఇంటి యజమానురాలు వానిని సాయంకాలపు గోష్ఠికి రెండుమారులు పిలిచినది. రెండుమారులును వాడు వట్టిచేతులతో బోయి విని వచ్చినాడు. మూడవమారు, "నీ పాట తీసికొని రమ్ము" అని ఆమె యడిగినదట. ఆ రాత్రి వాడు నాకు ఫోను చేసి, "అక్కా, అమ్మ పాడే రాముడి జోలపాట నీకు మొత్తం వచ్చునా?" అని యడిగెను.

ఆ పాట ఏ పుస్తకమునందును లేదు. మా యమ్మకు వాళ్ల యమ్మ నేర్పినది. నేను పల్లవియు, మొదటి చరణమును బాడితిని. తరువాత నాకు దోచలేదు. ఆగిపోయితిని. అవతలినుండి తమ్ముడు మెల్లగా రెండవ చరణము నెత్తుకొనెను. వానికి మొదటిది రాదు. నాకు రెండవది రాదు. కారణ మాలోచింపగా దెలిసినది. నా జ్ఞాపకములో ఆ పాట, ఆషాఢమున నా చేతులకు గోరింటాకు పెట్టుచు అమ్మ పాడినది. చేతులు నిండుసరికి మొదటి చరణముతో ఆపి వంటకు లేచెడిది. తమ్ముని జ్ఞాపకములో అది జ్వరపు రాత్రి పాట. నుదుట దడిగుడ్డ మార్చుచు, వాడు నిద్రపోవువరకు అమ్మ ముందుకు సాగించెడిది. మొదలు వాని కళ్లు మూతపడుచుండగా గడచిపోయినదో యేమో, చివరిదే వాని చెవిలో మిగిలినది.

ఆ రాత్రి ఇరువురమును గలసి పాట నతికించితిమి. అప్పుడు వాడు, "ఆ రోజు నేను రాలేకపోయానక్కా" అని యేడ్చెను. నేనును ఏడ్చితిని. ఏడాదికిబైగా నా గొంతులో నున్న ముల్లు ఆ యేడుపుతో పోయినది. మా యింటివారు బడి పిల్లల కాగితములు దిద్దుచున్నవారు కలము ప్రక్కన బెట్టి, మాటలాడక, దీపము తగ్గించి వెళ్లిరి.

నేను పాటను పూర్తిగా ఫోనున నింపి పంపితిని. తమ్ముడు దానిని గోష్ఠిలో వినిపించెను. తెలుగు మాట ఒక్కటియు నెరుగని యా మనుష్యులు నిశ్శబ్దముగా వినిరట. అర్థ మేమని ఎవరును మొదట నడుగలేదు. ఎవరు పాడినారు, ఎవరికొరకు, ఎప్పుడు అని యడిగిరి. తమ్ముడు రెండు కథలును, గోరింటాకును, తడిగుడ్డను జెప్పెను. ఒక వృద్ధుడు తన నాయనమ్మ కుట్టుమిషను చప్పుడు జ్ఞప్తికి వచ్చినదని యనెనట. జోలపాటకును కుట్టుమిషనుకును ఏమి సంబంధము? ఆయన పసితనమున ఆ చప్పుడు వినుచు నిద్రపోయెడివాడట.

సోదరీమణులారా, ఇప్పుడు పాటలకు గరవు లేదు. వ్రేలు తాకించినచో వేలకొలది పాటలు ఫోనులో మ్రోగును. క్షణములో నితరులకును బంపుకొందుము. పంపునపుడు దానితో ఒక్క మాటయైన చేర్చుట లేదు. ఆ బ్రిస్టలు స్త్రీకి స్నేహితురాలు బంపిన క్యాసెట్టులోని పాటలు అంగడిలోనును దొరకును. దొరకనిది వాటి వెంట వచ్చిన స్నేహము. పాటతో దాని కథను గూడ నిచ్చినపుడే పుచ్చుకొన్నవారు తమ కథను విప్పుదురు.

కావున నాదొక మనవి. మీ అమ్మ, అత్తగారు, అమ్మమ్మ పాడు పాట ఒక్కటి యీ నెలలో కాగితముపై బెట్టుడు. వారి కంఠమును ఫోనున నింపుకొనుడు. పాటక్రింద, ఎవరు పాడిరి, ఎక్కడ, ఎవరిని ఒడిలో నుంచుకొని పాడిరి యని నాలుగు పంక్తులు వ్రాయుడు. పిదప దానిని మీ తోబుట్టువులకు జూపి, వారికేమి జ్ఞప్తి యున్నదో యడుగుడు. మీకు రాని చరణము వారియొద్ద నుండవచ్చును. మాటలు లేని తోబుట్టువైనచో ముందుగా వారినే యడుగుడు.

శకుంతల యుంగరము నీటబడినను చేప మ్రింగినందున జాలరి చేతికి జిక్కినది. పాట జారిపోయినచో దెచ్చియిచ్చు జాలరి యుండడు.

మొన్నటి సంక్రాంతికి తమ్ముడు వచ్చెను. మా చిన్నపిల్ల నిద్రకు మారాము చేయగా, మొదటి చరణము నేనును, రెండవ చరణము వాడును బాడితిమి. పిల్ల నిద్రపోయిన పిమ్మటగూడ కొంతసేపు పాడుచునే యుంటిమి.