నోరు తెరిచి చూశారా?

పలమనేరు సంతలో ఎద్దును బేరమాడే రైతు ముందు దాని పెదవి ఎత్తి పళ్లు చూస్తాడు. రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, కడపళ్లు పడ్డాయా తేలాకే ధర మాట. అదే రైతు తన వాకిట్లో పడుకున్న పదేళ్ల కుక్క నోరు ఒక్కసారైనా తెరిచి ఉండడు. చిత్తూరు, తిరుపతి వాళ్లం పాడిపశువు గురించి ఇంత ఆరా తీస్తాం. ఇంట్లో కుక్క నీరసపడితే మాత్రం ‘వయసైపోయిందిలే’ అనేసి ఊరుకుంటాం.

ఆ వయసు లెక్క కూడా సరిగా తెలియదు మనకు. కుక్కకు ఒక ఏడు మనకు ఏడేళ్లని చిన్నప్పటి నుంచి వింటున్నదే. అమెరికాలో శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు లాబ్రడార్ల డీఎన్‌ఏను పరిశీలించి 2020లో వేరే లెక్క కట్టారు. దాని ప్రకారం ఏడాది కుక్కకే మన 30 ఏళ్లు, ఏడేళ్లదానికి 60 దాటాయి. ఆ లెక్క ఒక్క జాతిదే అనుకోండి. అయినా పెద్ద జాతులకు ఏడో ఏడు నుంచి, పొమరేనియన్‌ లాంటి చిన్నవాటికి తొమ్మిది, పది నుంచి ఆరు నెలలకోసారి పరీక్ష చేయించడం మంచిది. పిల్లులకూ పదేళ్లు దాటితే అంతే. పైగా అవి జబ్బును దాచుకోవడంలో కుక్కల్ని మించినవి.

అన్నిటికన్నా మోసం చేసేది కిడ్నీ జబ్బు. రక్తంలో క్రియాటినిన్‌ పెరిగిందని తెలిసేసరికి మూత్రపిండాల పనిలో దాదాపు ముప్పావు వంతు పోయి ఉంటుంది. అంతకుముందే మూత్రం పలచబడుతుంది, కుక్క ఎక్కువ నీళ్లు తాగుతుంది. మన ఊళ్లలో చిక్కంతా ఇక్కడే. తిరుపతి మే నెల ఎండలో కుక్క గిన్నె గిన్నె ఖాళీ చేస్తుంటే ఎవరికి అనుమానం వస్తుంది? ఒక కొలత గుర్తుపెట్టుకోండి: కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే ఎండను తిట్టుకుని ఊరుకోకూడదు. ముప్పై కిలోల లాబ్రడార్‌ మూడు లీటర్లు మించి తాగుతుంటే డాక్టరుకు చెప్పాల్సిందే. షుగరున్నా ఇలాగే తాగుతాయి.

పళ్ల మీది గార, నోటి వాసన, పొట్ట కింద గడ్డలు, బరువు, గుండె చప్పుడు చేతితో, చెవితో పట్టుకోదగ్గవే. సంకటి, పెరుగన్నం మీద పెరిగిన కుక్కకు బరువు తూచడం మరీ ముఖ్యం. గాఢనిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. ముప్పై దాటి, రోజూ అలాగే ఉంటే గుండె సంగతి చూపించాలి.

తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమూ వచ్చింది. కళాశాల ఆసుపత్రికి పశువులతో పాటు కుక్కల్నీ తీసుకొస్తారు. ఏటా రేబీస్‌ టీకాకు ఎలాగూ డాక్టరు దగ్గరికి వెళ్తాం కదా, రక్తపరీక్షకూ అదే ప్రయాణం సరిపోతుంది. పరగడుపున తీసుకెళ్లాలేమో ముందే అడగండి. పొద్దున్నే మొదటి మూత్రం పట్టడానికి పొడుగు కాడ గరిటె ఒకటి, శుభ్రమైన సీసా ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. ఆ గరిటెను మాత్రం మళ్లీ వంటింట్లోకి రానివ్వకండి.