తాడోబా పులియు జేపెగ్ గడులును

చంద్రపూరునకు ఉత్తరమున, 1955లో జాతీయోద్యానమై, 1995లో అంధారి అభయారణ్యముతో గలిసి పులుల సంరక్షణ కేంద్రముగా రూపొందిన తాడోబా యడవికి ఆసిఫాబాదు, కాగజ్‌నగరు, హైదరాబాదుల నుండి కెమెరాలు భుజమున వ్రేలాడ వచ్చు మన తెలుగువారు, తెల్లవాఱుచుండగా మొహర్లీ గేటుకడ జిప్సీ యెక్కుచు లెన్సుల గుణదోషములను విపులముగా చర్చింతురే కాని, తీసిన చిత్రమును కెమెరా యే రూపమున దాచుచున్నదో విచారింపరు.

విచారింపనివారికి సాధారణముగా కెమెరా యిచ్చునది జేపెగ్. 1992లో ప్రమాణముగా అంగీకరింపబడిన యీ పద్ధతి, చిత్రమును అడ్డమునకు ఎనిమిది, నిలువునకు ఎనిమిది చుక్కలుగల గడులుగా విభజించి, ప్రతి గడిలోని వెలుగునీడల మార్పులలో మందగతిగలవానిని నిలిపి, మన కన్ను అంతగా పట్టించుకొనని సూక్ష్మభేదములను తగ్గించుటయో త్రోసివేయుటయో చేసి, ఫైలును సుమారు పదియవవంతునకు కుదింపగలదు. దీనికాధారమైన గణితమును 1974లో ప్రకటించిన మువ్వురు నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు, ఈ చివరివారి పూర్తినామము కామిసెట్టి రామమోహనరావని తెలిసినప్పుడు తెలుగు పాఠకునకు కించిద్గర్వము కలిగినచో ఆక్షేపింప బనిలేదు.

అయితే ఆ త్రోసివేయబడు సూక్ష్మములందే పులి మీసములును, నారింజవన్నెపై నల్లచారల యంచులును ఉన్నవి. మితిమీఱి కుదించినచో ఆ యంచులచుట్టు మసకలును, గడుల జాడలును పొడసూపును. ఏ రెండు పులుల చారలును ఒక్కతీరున నుండవు. ఒకే పులికి కుడియెడమల చారలును వేఱు. కావుననే పులుల లెక్కకై బాటకు ఇరుప్రక్కల కెమెరాలు అమర్చుదురు. అట్టి గుర్తింపునకు మంచి జేపెగే చాలును. ఆ ఫైలును ఎన్నిమాఱులు తెఱచి చూచినను, నకలు తీసినను చెడదు; దిద్ది మరల భద్రపఱచిన ప్రతిసారియు మాత్రము కొంత పోవును. కావున చూచుటకు జంకనక్కఱలేదు గాని, దిద్దుటకు అసలు ప్రతిని ముట్టరాదు.

వెదురుపొదల నీడలో, చీకటి తొలగని వేళ దొరకిన పులి యైనచో సంగతి వేఱు. జేపెగ్‌లో ఒక్కొక్క రంగునకు 256 మెట్లే. సెన్సరు చదివినదానిని చదివినట్లే దాచు రా ఫైలు 14 బిట్లదైనచో 16,384 మెట్లు. ముద్దకట్టిన నీడను తరువాత వెలిగింపగోరినపుడు ఈ మెట్లే యక్కఱకు వచ్చును. వన్యప్రాణి చిత్రముల పెద్దపోటీలలో, మాయ జరుగలేదని రూఢి చేసికొనుటకు నిర్వాహకులు రా ఫైలునే యడుగుట కలదు. కాని యిది అనేకరెట్లు స్థలమాక్రమించును. నికాన్‌కొక తీరు, కేనన్‌కొక తీరు. తగిన సాఫ్ట్‌వేరు లేనిదే తెఱచుకొనదు. ఇంటిల్లిపాది చూచి మురియుటకే యైనచో దీనిని మోయుట వృథాశ్రమ యని నా యభిప్రాయము. పెద్ద అచ్చు వేయింపదలచినవారు రెండు రూపములలోను కలిపి తీయుట మేలు.

పీఎన్‌జీ ఒక్క చుక్కనైనను పోగొట్టదు. అక్షరములకు, పటములకు, సఫారీ టికెట్టు స్క్రీన్‌షాటునకు దానిని మించినది లేదు. పులిచిత్రము మాత్రము అందులో అకారణముగా బరువెక్కును. ఐఫోనులు 2017 నుండి వాడుచున్న హెచ్‌ఈఐసీ చిన్నదే, చక్కనిదే, కాని పాత కంప్యూటర్లు పెక్కు దానిని తెఱువలేవు. ఇక, తీసినది ఏ రూపమైనను, కాగజ్‌నగరునందలి మిత్రునకు వాట్సాప్‌లో ఫొటోగా పంపినచో అది మరల కుదింపబడును. డాక్యుమెంటుగా పంపినచో ఉన్నదున్నట్లు చేరును.