చూపు బాగున్నంత మాత్రాన కన్ను బాగున్నట్లు కాదు

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలో కంటి జబ్బు అనగానే పెద్దలకు మొదట గుర్తుకు వచ్చేది శుక్లం. అది సహజమే. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుండి 2000 వరకు ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా ప్రజలను పరీక్షించినప్పుడు, అంధత్వ కారణాలలో శుక్లాలు, తగిన కళ్ళద్దాలు లేకపోవడం ఈ రెండూ కలిసి సుమారు 60 శాతంగా తేలాయి. ఒకదానికి శస్త్రచికిత్స, మరొకదానికి అద్దాలు. మందగించిన చూపు చాలావరకు తిరిగి వస్తుంది. అందుచేత మనవారిలో ఒక నమ్మకం స్థిరపడింది: చూపు తగ్గినప్పుడు వైద్యుని వద్దకు వెళ్ళవచ్చు, అంతవరకు తొందర లేదు అని. మధుమేహం, అధిక రక్తపోటు ఇంటింటా కనిపిస్తున్న ఈ కాలంలో ఆ నమ్మకమే కళ్ళు పోగొడుతున్నది.

కంటి వెనుక గోడకు లోపలివైపు పలుచని పొర ఒకటి ఉంటుంది. అదే రెటీనా. అరబీలో దాని పేరు 'షబకియ్యా'. 'షబక' అంటే వల. 9వ శతాబ్దంలో బాగ్దాదులో హునైన్ బిన్ ఇస్‌హాఖ్ వంటి వైద్యులు గ్రీకు గ్రంథాల నుండి అరబీలోకి తెచ్చిన ఈ పేరునే తరువాతి లాటిన్ అనువాదకులు తమ భాషలో వల అనే మాటతో రెటీనాగా మార్చుకున్నారు. మా విద్యార్థులు ఆంగ్ల వైద్య పదమని బెదిరే మాట, వారు రోజూ చదివే భాషలోని మాటకు చెల్లెలే.

కోతా కుట్టూ లేకుండా మనిషి రక్తనాళాలను నేరుగా చూడగలిగే చోటు ఇది. దీనిని చూసే పరికరాన్ని 1851లో జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్ రూపొందించాడు. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి హెచ్చుగా ఉంటే ఈ వలలోని సన్నని నాళాల గోడలు బలహీనపడతాయి. అక్కడక్కడ పూసల వలె ఉబ్బుతాయి. వాటి నుండి నీరు, రక్తం కారుతాయి. ఆ నీరు రెటీనా నడిమి భాగానికి చేరితే అక్షరాలు అలుక్కుపోతాయి, తిన్నని గీతలు వంకరగా తోస్తాయి. మరికొన్ని నాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని పొర కొత్త నాళాలను పుట్టించుకుంటుంది గాని అవి మిక్కిలి పెళుసైనవి. అవి చిట్లినప్పుడు కంటి నిండా రక్తం చేరి, రాత్రి చదివిన మనిషి తెల్లవారేసరికి చదవలేడు. ఇందులో మమ్మల్ని మిక్కిలి కలవరపరచేది ఒక్కటే: ఈ స్థితి వచ్చే వరకు నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, గోడ మీది అక్షరాల పట్టిక చివరి వరుస కూడా చదవగలిగి ఉండవచ్చు.

రక్తపోటు దారి కొంత వేరు. గట్టిపడిన ధమని తాను దాటే చోట సిరను నొక్కుతుంది. ఆ సిర మూసుకుపోతే ఒక కన్ను హఠాత్తుగా మసకబారుతుంది. ధమనే మూసుకుపోతే అది మెదడుకు వచ్చే పక్షవాతం వంటి ఆపద. చుక్కల మందుతో కాలక్షేపం చేయక గంటలలోపే పెద్దాసుపత్రికి చేరాలి. పోటు మరీ పెరిగితే కంటి నరం మొదలు వాచిపోతుంది. గర్భిణికి రక్తపోటు పెరిగి, కళ్ళ ముందు మెరుపులో మసకో కనిపిస్తే అత్తగారి చిట్కాలతో ఆగరాదు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. క్షయకు ఇథాంబుటాల్ వాడుతున్నవారికి ఎరుపు రంగు వెలిసినట్లు తోచినా ఆలస్యం చేయక వైద్యునికి చెప్పాలి. ఆ మందు కొందరిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది.

బజారులో అద్దాల దుకాణంలో చేసేది నంబరు పరీక్ష మాత్రమే, అది రెటీనా పరీక్ష కాదు. రెటీనా చూడాలంటే చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేయాలి. ఆ తరువాత నాలుగైదు గంటలు చూపు మసకగా ఉంటుంది కనుక బండి నడపరాదు, తోడుగా ఒకరు ఉండాలి. మిరప కోతల రోజులలో ఇద్దరి కూలి పోతుందని వెనుకాడేవారిని మేము ఎరుగుదుము. నందిగామ నుండి విజయవాడకు సుమారు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేట నుండి 80 వరకు, తాడిగడపలోని ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రి నగరానికి ఆవలి వైపు. ఒక దినం పోయే మాట నిజమే. అయితే ఆ దినం ఏడాదికి ఒక్కటే. పెద్దవయసులో మధుమేహం బయటపడినవారు ఆ సంవత్సరమే మొదటి పరీక్ష చేయించుకొని, ఆపై ఏటేటా చూపించుకోవాలి. మధుమేహం ఉండి గర్భం ధరించిన స్త్రీ మొదటి మూడు నెలలలోనే చూపించుకోవాలి.

శుక్లం తీసినా చూపు రాలేదని ఆసుపత్రిని నిందించే కుటుంబాలు ఉన్నాయి. చాలాసార్లు శుక్లం వెనుక రెటీనా అప్పటికే చెడి ఉంటుంది. లేజరు చికిత్స తీవ్రమైన చూపు నష్టాన్ని సగానికి పైగా తగ్గించగలదని 1976లోనే అమెరికాలో జరిగిన పరీక్షలు నిరూపించాయి. నేడు కంటిలోనికి ఇచ్చే ఇంజెక్షన్లూ ఉన్నాయి. ఇవి ప్రధానంగా మిగిలిన చూపును కాపాడేవి. పోయినదంతా తిరిగి తెచ్చేవి కావు. చక్కెర, రక్తపోటు అదుపులో లేకుంటే ఎంత లేజరైనా చాలదు.

రమజాన్ విషయంలో మమ్మల్ని అడిగేవారు ఎక్కువ. ఇన్సులిన్ వాడేవారు, చక్కెర అదుపులో లేనివారు ఉపవాసాలకు కొన్ని వారాల ముందే వైద్యుని సంప్రదించాలి. రోగికి సడలింపు ఇచ్చినది దివ్యఖుర్ఆనే, దానిని వాడుకోవడం ఈమాన్ లోపం కాదు. వేలి కొసన సూదితో రక్తం చూసుకోవడం వలన ఉపవాసం చెడదు. కంట్లో చుక్కలు వేయించుకున్నా, వాటి చేదు గొంతులో తెలిసినా, హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఉపవాసం భంగం కాదు. కనుక కంటి పరీక్షను షవ్వాల్‌కు వాయిదా వేయవలసిన పని లేదు.