పల్నాటి వీరారాధనోత్సవాలు

పల్నాటి వీరారాధనోత్సవాలు ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రము, పల్నాడు జిల్లాలోని కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నాడు ప్రారంభమై ఐదు రోజుల పాటు జరుగుతాయి. 12వ శతాబ్దంలో నాగులేటి ఒడ్డున జరిగిన పల్నాటి యుద్ధంలో నేలకొరిగిన వీరులను దైవాలుగా కొలవడం వీటి ఉద్దేశం. ఇవి విజయోత్సవాలు కావు. దాయాదుల పోరులో ఇరుపక్షాలకూ వాటిల్లిన వినాశనాన్ని, వీరుల త్యాగాన్ని స్మరించుకునే ఉత్సవాలు. వీరాచారాన్ని పాటించే కుటుంబాలు ఎక్కడ స్థిరపడినా ఈ రోజులలో తమ పూర్వీకుల ఆయుధాలతో కారెంపూడికి తిరిగి రావడం వీటి ప్రత్యేకత.

నేపథ్యం

అనుగురాజు కుమారులైన నలగామరాజు, మలిదేవరాజు సవతి సోదరులు. రాజ్యం రెండుగా చీలగా నలగామరాజు గురజాల నుండి, మలిదేవరాజు మాచర్ల నుండి పాలించారు. గురజాలలో నాయకురాలు నాగమ్మ, మాచర్లలో బ్రహ్మనాయుడు మంత్రులు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఒప్పందం ప్రకారం ఏడేళ్ళు రాజ్యాన్ని విడిచి మండాది, మేడపి ప్రాంతాలలో గడిపింది. గడువు ముగిశాక రాజ్యభాగం కోరుతూ రాయబారిగా వెళ్ళిన అలరాజు విషప్రయోగంతో మరణించాడని కథనం. అతడు స్వయంగా నలగామరాజుకు అల్లుడు. తరువాత కారెంపూడిలో జరిగిన యుద్ధంలో బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు మొదలైన వీరులు మరణించారు. ఈ యుద్ధ కాలాన్ని సాధారణంగా క్రీ.శ. 1176-1182 మధ్య అని చెబుతారు. యుద్ధానంతరం బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని జనశ్రుతి.

ఉత్సవ క్రమం

ఐదు రోజులకూ వేర్వేరు పేర్లు కలవు.

మొదటి రోజు - రాచగావు: వీరుల ఆయుధాలకు పూజలు జరిపి ఉత్సవాలను ప్రారంభిస్తారు.
రెండవ రోజు - రాయబారం: అలరాజు రాయబార ఘట్టాన్ని స్మరిస్తారు.
మూడవ రోజు - మందపోరు: పశువుల మందను కాపాడుతూ ప్రాణాలర్పించిన లంకన్న కథకు సంబంధించినది.
నాలుగవ రోజు - కోడిపోరు: బ్రహ్మనాయుడు, నాగమ్మల కోడిపందెాన్ని అభినయిస్తారు.
ఐదవ రోజు - కల్లిపాడు: యుద్ధం, వీరుల మరణంతో ఉత్సవాలు ముగుస్తాయి.

ఈ వరుస కథలోని వరుసతో ఏకీభవించదు. కథలో కోడిపందెం యుద్ధానికి ఏళ్ళ ముందే జరుగుతుంది. ఉత్సవంలో మాత్రం అది చివరి పోరుకు ముందురోజున వస్తుంది. కలహానికి మూలమైన పందెం, దాని పర్యవసానం పక్కపక్కనే ఉండడం వలన ప్రేక్షకులకు ఆ రెంటి సంబంధం స్పష్టంగా తెలుస్తుంది.

కొణతాలు, వీరాచారవంతులు

వీరుల ఆయుధాలను కొణతాలు అంటారు. వీటిని తరతరాలుగా ఇండ్లలో భద్రపరచి పూజించేవారు వీరాచారవంతులు. వీరు పల్నాడు గ్రామాల నుండే గాక ఇతర జిల్లాల నుండి కూడా వస్తారు. కారెంపూడిలోని వీరుల గుడిలో పూజల అనంతరం కొణతాలతో ఊరేగింపు జరుగుతుంది. కొందరు ఆవేశంతో కత్తిసేవ చేస్తారు. పిడుగు వంశస్థులు పీఠాధిపతులుగా ఉత్సవాలను నిర్వహిస్తారు. పల్నాడు విడిచిపోయిన కుటుంబానికి ఇంట్లో ఉన్న కొణతమే ఈ నేలతో బంధానికి గుర్తు.

చాపకూడు

కులభేదం లేకుండా అందరూ ఒకే చాపపై కూర్చుని భుజించడాన్ని చాపకూడు అంటారు. దీనిని బ్రహ్మనాయుడు ప్రవేశపెట్టాడని ప్రసిద్ధి. దళితుడైన కన్నమదాసును ఆయన కుమారునిగా స్వీకరించి సేనాపతిని చేశాడని గాథ చెబుతుంది. ఉత్సవాలలో చాపకూడును నేటికీ పాటిస్తారు. వీరగాథను గానం చేసే వీరవిద్యావంతులు కూడా దళిత కులాలకు చెందిన వారే. ఒక ప్రాంత రాజుల చరిత్రను శతాబ్దాల పాటు కంఠస్థంగా కాపాడినది వీరేనన్నది గమనార్హం.

గాథ - గ్రంథాలు

పల్నాటి కథ చాలాకాలం ముందే ఇతర ప్రాంతాలకు వ్యాపించింది. ఓరుగల్లు నగరాన్ని వర్ణించే క్రీడాభిరామంలో ఒక స్త్రీ పల్నాటి వీరుల కథను గానం చేసే సన్నివేశం కలదు. శ్రీనాథుడు ద్విపదలో రచించినట్లు ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో ప్రచురించాడు. మౌఖిక గాథను ఆధారం చేసుకుని జీన్ రోఘైర్ ఆంగ్లంలో చేసిన అనువాదం, పరిశీలన 1982లో వెలువడ్డాయి. పల్నాటి యుద్ధం పేరుతో 1947లోను, 1966లోను చలనచిత్రాలు వచ్చాయి.

ఇతర దేశాలలో

యుద్ధాల వలన చెదిరిన ప్రజలు తమ చరిత్రను అభినయించి స్మరించుకోవడం ఇతర దేశాలలోనూ కలదు. 1797లో బ్రిటిషువారు సెయింట్ విన్సెంట్ దీవి నుండి వెళ్ళగొట్టిన గరిఫునా ప్రజల సంతతివారు, మధ్య అమెరికాలోని బెలిజ్ దేశంలో ఏటా నవంబరు 19న తమ పూర్వీకులు పడవలపై తీరం చేరిన ఘట్టాన్ని అభినయిస్తారు. వారి భాష, నృత్యం, సంగీతాలకు 2001లో యునెస్కో గుర్తింపు లభించింది. గరిఫునాలు కొత్త నేలకు చేరిన రోజును స్మరిస్తే, వీరాచారవంతులు పూర్వీకులు నేలకొరిగిన చోటికే తిరిగి వస్తారు.

సమీప దర్శనీయ స్థలాలు

కారెంపూడిలో వీరుల గుడితో పాటు చెన్నకేశవస్వామి, అంకాళమ్మ ఆలయాలు ఉన్నాయి. మాచర్లలోని చెన్నకేశవాలయం, గుత్తికొండ బిలం కూడా ఈ గాథతో సంబంధం కల ప్రదేశాలే.